జలశుద్ధి చరిత్రలో ప్రతిరూపములు

బురదనీటి కుండలో చిల్లగింజను అరగదీసి నీరు తేర్చుట మన ముత్తవలకు తెలిసిన విద్య. కుండెడు నీరు చెడినచో పారబోయవచ్చును. నగరమునకెల్ల నీరిచ్చు శుద్ధిశాలలో అట్టి ప్రయోగములకు తావులేదు. అచ్చటి పొరపాటు ప్రాణములకే ముప్పు. కావుననే అసలుకు మారుగా నమూనాపై పరీక్షించు పద్ధతి వృద్ధినొందెను.

1885 ప్రాంతమున ఆస్‌బర్న్ రేనాల్డ్స్ అను శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులోని మెర్సీ నదీముఖమునకు చిన్న నమూనా నిర్మించి, ఆటుపోట్లు ఇసుకను కదల్చు తీరును పరిశీలించెను.

1908 జలచరిత్రలో మరువరాని వత్సరము. సెప్టెంబరు 26న అమెరికాలోని జెర్సీ నగరపు త్రాగునీటిలో క్లోరిను కలుపుట ఆరంభమయ్యెను. రెండు దినముల పిమ్మట మూసీ పొంగి హైదరాబాదులో వేలాది జనులను పొట్టన బెట్టుకొనెను. మరుసటి యేట నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. వారి సూచనల ఫలితముగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వెలసినవి. వరదను అడ్డగించు జలాశయములే నగరమునకు త్రాగునీరును ఇచ్చినవి. హిమాయత్‌సాగర్ చెంతనే 1945లో ఇంజనీరింగు పరిశోధనాలయము వెలసి, నమూనాలపై నీటి నడకను పరీక్షించు పనికి నెలవయ్యెను.

శుద్ధిశాలలలో ఇట్టి పరీక్షయే చిన్న పాత్రలలో జరుగును. వరుసగా గాజుపాత్రలలో నదీజలము పోసి, వేర్వేరు పాళ్ళలో పటిక కలిపి, ఏ పాత్రలోని నీరు చక్కగా తేరునో చూచి మోతాదు నిర్ణయింతురు.

నేటి ‘డిజిటల్ ట్విన్’, అనగా కంప్యూటరులోని కవల, ఈ వంశములోనిదే. నీటి మడ్డిని, ప్రవాహమును, మిగిలిన క్లోరినును కొలుచు సాధనములు ఎడతెగక పంపు అంకెలనుబట్టి, ఆ కవల అసలు శుద్ధిశాలతోపాటు మారుచుండును. వానకు నది కలకబారినపుడు పటిక ఎంత హెచ్చింపవలెనో, కడపటి వీధి కొళాయికి చేరునప్పటికి క్లోరిను ఎంత మిగులునో ముందుగా దానియందే చూడవచ్చును. గొట్టములలో నీటి గుణము మారు తీరును లెక్కించు ‘ఎపానెట్’ను అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1993లో వెలువరించెను. సింగపూరులోని చాంగి మురుగునీటి శుద్ధిశాలకు ఇట్టి కవలనే నిర్మించిరి.

అయినను ఈ కవలకు స్వయముగా కన్నులు లేవు. కొలత తప్పినచో తప్పునే నిబ్బరముగా చెప్పును. వేసవిలో ఎండి, వానలలో పొంగు అర్పానది చెంత రాజ్‌కిశోర్ నగర్‌లో కాపురముండు మనకు ఈ సంగతి దూరమైనది కాదు. ఎన్ని యంత్రములు వచ్చినను, ప్రతిదినము నీటిని పరీక్షించి అంకెను ఉన్నదున్నట్లు నమోదుచేయు చిరుద్యోగి నిజాయితీపైననే మన బిడ్డలు త్రాగు నీటి క్షేమము ఆధారపడియున్నది.