356 మైళ్ళు

చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళినవాళ్ళు ఖిల్వత్ దర్బారు హాల్లో షాండ్లియర్ల కింద ఫొటోలు దిగుతారు, తర్వాత పసుపు కారు దగ్గర ఆగుతారు. అద్దాల వెనక నిలబెట్టిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అది. ‘థ్రోన్ కార్’ అని పేరు. ఊరికే పెట్టిన పేరు కాదు, వెనక సీటు నిజంగానే సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దీన్ని 1911లో ఆర్డర్ చేశాడు. అదే ఏడాది ఆగస్టులో చనిపోయాడు. 1912లో కారు తయారయ్యేసరికి గద్దె మీద కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నాడు. తండ్రి ఒక్కసారి కూడా ఎక్కని కారు కొడుక్కి దక్కింది. ఇది మొత్తం 356 మైళ్ళే తిరిగిందని చెప్తారు. అంటే 573 కిలోమీటర్లు. మనం సంక్రాంతికి కారేసుకుని విజయవాడ వెళ్ళొచ్చినంత దూరం, అంతే.

నిజాం కార్లంటే మనకు తెలిసినవి చాలావరకు వాట్సాప్ కథలే. లండన్ షోరూంలో అవమానిస్తే నిజాం రోల్స్ రాయిస్‌లన్నీ కొనేసి చెత్త ఎత్తించాడన్న కథ మీరూ వినే ఉంటారు. ఇదే కథ అల్వార్ రాజు గురించీ చెప్తారు, ఇంకా ఇద్దరు ముగ్గురు రాజుల గురించీ చెప్తారు. రాజు పేరు మారుతుంది, చీపుళ్ళు మాత్రం మారవు. అలాంటి కథని చరిత్రగా తీసుకోవడం నాకు ఇష్టం లేదు. అసలు కథ దీనికంటే బాగుంటుంది, పైగా కాస్త బాధగా కూడా ఉంటుంది.

ముందు కారు సంగతి. అప్పట్లో రోల్స్ రాయిస్ వాళ్ళు పూర్తి కారు అమ్మేవాళ్ళు కాదు. ఛాసిస్, ఇంజిన్ మాత్రమే వాళ్ళవి. పైన బాడీ కట్టేది వేరే కంపెనీ. ఈ కారుకి కట్టింది లండన్‌లోని బార్కర్, గుర్రపు బగ్గీలు కట్టిన చెయ్యి. కాబట్టి పద్ధతి కూడా బగ్గీలదే. లోపల యాష్ చెక్కతో అస్థిపంజరం, దాని మీద లోహపు రేకు, ఆ పైన రోజుల తరబడి పూత మీద పూత. బయటికి ఇనుములా కనిపించినా లోపల ఇది వడ్రంగి పని. కింద ఉన్నది ఆరు సిలిండర్లు, 7,428 సీసీల ఇంజిన్. క్లచ్ శంకువు ఆకారంలో ఉంటుంది, దాని మీద తోలు తొడుగు. చెక్క, తోలు, లక్క. మన ఎండల్లో, మన వానల్లో, మన చెదల మధ్య.

ఇలాంటి బండి తిరగడం వల్ల కంటే తిరక్కపోవడం వల్ల ఎక్కువ పాడవుతుంది. తోలు ఎండి బిగుసుకుపోతుంది. పెట్రోలు జిగురుగా మారి కార్బ్యురేటర్‌లో గడ్డకడుతుంది. చెక్క తేమకి ఉబ్బి, ఎండకి కుంగి, కీళ్ళ దగ్గర వదులవుతుంది. ఎవరూ ముట్టుకోని కోడ్ కూడా ఇంతే. చుట్టూ అన్నీ మారిపోతాయి, ఒకరోజు రన్ చేస్తే లేవదు. 356 మైళ్ళు అనగానే ‘అబ్బ, కొత్త బండి కింద లెక్క’ అంటాం గానీ, ఈ కారుకి అసలు గండం ఆ అంకెలోనే ఉంది.

ఇక 1967. ఫిబ్రవరిలో ఉస్మాన్ అలీ ఖాన్ పోయాడు. వారసత్వం మనవడు ముకర్రం జాకి వచ్చింది. ఆయనకి ఏం సంక్రమించిందో విలియం డాల్రింపుల్ ఒక వ్యాసంలో లెక్కలు రాశాడు. సిబ్బంది, వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళు కలిపి 14,718 మంది. ఒక్క చౌమహల్లాలోనే ఆరు వేల మంది. షాండ్లియర్ల దుమ్ము దులపడానికే 38 మంది. గ్యారేజీల్లో 60 కార్లు, వాటి పెట్రోలుకీ స్పేర్ పార్టులకీ ఏడాదికి 45,000 పౌండ్లు. నడిచేవి మాత్రం నాలుగు. పట్టాభిషేకం నుంచి కొత్త నిజాంని తీసుకెళ్ళాల్సిన కారు కూడా మొరాయించింది.

ఇందులో నన్ను ఆపేసే విషయం ఒకటుంది. ముకర్రం జాకి ఇంజిన్లంటే పిచ్చి. హారోలో, కేంబ్రిడ్జిలో చదివి, శాండ్‌హర్స్ట్‌లో సైనిక శిక్షణ పొందిన మనిషికి చేతికి గ్రీజు అంటించుకుని బానెట్ కింద దూరడమే సుఖం. ఆ వంశంలో ఒక కారుని సొంతంగా విప్పి బిగించగల వారసుడు ఎవరైనా ఉంటే అది ఈయనే. అలాంటివాడికి దొరికిన 60 కార్లలో 56 చచ్చినవి. అయినా వాటిని బాగుచేయలేదు. అప్పులు, కోర్టు కేసులు, వాటాల తగాదాలు ఉన్నచోట స్పానర్ ఏం చేస్తుంది? 1970లలో ఆస్ట్రేలియాలో లక్షల ఎకరాల గొర్రెల స్టేషన్ కొనుక్కుని, అక్కడ బుల్డోజర్లు నడుపుకుంటూ ఉండిపోయాడు. దాన్ని బాధ్యత నుంచి పారిపోవడం అని తేలిగ్గా అనేస్తారు. పద్నాలుగు వేల మంది జీతాల రిజిస్టరు ముందు కూర్చోమంటే నేనూ బుల్డోజరే ఎక్కుతానేమో.

ఇక్కడ చౌమహల్లా శిథిలమవుతూ వచ్చింది. 45 ఎకరాల ప్రాంగణంలో మిగిలింది పన్నెండో పద్నాలుగో. దాన్ని నిలబెట్టడానికి పూనుకున్నది ఆయన మొదటి భార్య, టర్కీలో పుట్టిన ఎస్రా. విడాకులై చాలా ఏళ్ళయ్యాక తిరిగొచ్చి, ఆర్కిటెక్ట్ రాహుల్ మెహ్రోత్రా లాంటివాళ్ళతో కలిసి పని చేయించింది. 2005లో ప్యాలెస్ జనానికి తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ హెరిటేజ్ అవార్డు వచ్చింది. ఇవాళ మనం టికెట్ కొనుక్కుని ఆ పసుపు కారు చూడగలుగుతున్నామంటే ఆమె వల్లే.

మరి పాత బండిని బాగుచేయడమంటే ఏంటి? కుళ్ళిన యాష్ చెక్క తీసి మన టేకు వేయాలనిపించడం సహజం. అప్పుడది బార్కర్ బాడీయేనా? థీసియస్ ఓడ గురించి మళ్ళీ చెప్పి విసిగించను. సర్కారు దీనికి తన పద్ధతిలో జవాబు రాసేసింది. వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్ కోసం 2021లో మోటారు వాహనాల నిబంధనలు సవరించారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. ఫీజు 20,000 రూపాయలు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు. రోజువారీ పనులకి రోడ్డెక్కకూడదు. చదివితే సబబుగానే ఉంది. కానీ పెద్ద మార్పు ఎక్కడ మొదలవుతుంది? ఒక కీలు మార్చితేనా, నాలుగు మార్చితేనా? మెకానిక్‌ని అడిగితే ఒకటి చెప్తాడు, క్యురేటర్‌ని అడిగితే ఇంకోటి.

నేను మెకానిక్ వైపు. రంగు కాస్త పోయినా పర్లేదు, కొత్త తోలు వేసినా పర్లేదు, ఇలాంటి ఇంజిన్ ఏడాదికోసారైనా ప్రాంగణంలో తిరగాలంటాను. నడపడం, విప్పడం, బిగించడం తెలిసిన మనుషులు ఆ రకంగానే మిగులుతారు. కారు పక్కన నిజాం పేరు ఎప్పుడూ ఉంటుంది, బార్కర్ పేరూ ఉంటుంది. దాన్ని ఆ 356 మైళ్ళూ నడిపిన డ్రైవరు గురించి ఎవరూ చెప్పరు.

2023 జనవరిలో ముకర్రం జా ఇస్తాంబుల్‌లో పోయారు. భౌతికకాయాన్ని చౌమహల్లాకే తెచ్చి జనం చూడ్డానికి ఉంచారు, తర్వాత మక్కా మసీదులో ఖననం చేశారు.

అక్కడి నుంచి ఆటోలో కాసేపట్లో పురానీ హవేలీ చేరుకోవచ్చు. మహబూబ్ అలీ ఖాన్ బట్టలకోసం కట్టించుకున్న రెండంతస్తుల టేకు బీరువా ఉన్నది అక్కడే. అక్కడి మ్యూజియంలో 1930 నాటి రోల్స్ రాయిస్ ఒకటి, ప్యాకర్డ్ ఒకటి, మార్క్ ఫైవ్ జాగ్వార్ ఒకటి ఉన్నాయి. వాటినీ చూడండి, ముఖ్యంగా టైర్లు నేలని తాకేచోట. వెళ్ళేముందు వారం చూసుకోండి, శుక్రవారం రెండు చోట్లా సెలవు.