ఆహార రుగ్మతలు, స్థూలకాయం: పరిశోధకుల శిక్షణ చరిత్ర

తిండి మానేసి చిక్కి శల్యమయ్యే అనొరెక్సియా నెర్వోసా, విపరీతంగా తిని ఆపై బలవంతంగా వాంతి చేసుకునే బులీమియా నెర్వోసా, అదుపు లేకుండా తినే బింజ్ ఈటింగ్ రుగ్మత మనోరోగ వైద్యుల పరిధిలోకి వస్తాయి. స్థూలకాయాన్ని హార్మోన్ల వైద్యులు, పోషకాహార నిపుణులు చూస్తారు. ఆకలి, బరువు, మనసు ఒకే మనిషిలో ఉన్నా వాటిని చదివేవారు చాలాకాలం వేర్వేరు విభాగాల్లో ఉండిపోయారు. రెండింటినీ కలిపి చూడగల పరిశోధకులను తయారుచేసే ప్రయత్నం 20వ శతాబ్దం రెండో సగంలో ఊపందుకుంది. ఈ రంగంలోని గట్టి ఫలితాల్లో చాలావాటి వెనుక ఒక గురువు, ఆ గురువు దగ్గర కొన్నేళ్లు పనిచేసిన శిష్యులు కనిపిస్తారు.

అనొరెక్సియా వర్ణన పాతదే. ఇంగ్లండు వైద్యుడు రిచర్డ్ మోర్టన్ 1689లోనే ఇలాంటి ఇద్దరు రోగుల గురించి రాశాడు. 1873లో పారిస్‌లో షార్ల్ లాసెగ్, లండన్‌లో విలియం గల్ ఎవరికి వారుగా దీన్ని ప్రత్యేక రోగంగా గుర్తించారు. 1914లో మోరిస్ సిమ్మండ్స్ పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని శరీరం క్షీణించే స్థితిని వర్ణించాక, అనొరెక్సియా కూడా గ్రంథి లోపమేనన్న అభిప్రాయం బలపడి కొన్ని దశాబ్దాలు పరిశోధనను దారి తప్పించింది.

ఆకలి మనసును ఏం చేస్తుందో మొదట పకడ్బందీగా కొలిచింది మనోరోగ వైద్యులు కాదు, శరీరధర్మ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944 నవంబరులో మొదలైన ఆయన ప్రయోగంలో, యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న 36 మంది యువకులు స్వచ్ఛందంగా పాల్గొన్నారు. 24 వారాల అర్ధాకలితో వారి బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. వారికి ఇక ఎప్పుడూ తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు, చాలామంది దిగులులో మునిగారు, మళ్లీ తినడం మొదలయ్యాక కొందరు ఆపుకోలేకపోయారు. అనొరెక్సియా రోగి స్వభావమే అలాంటిదని అంతకుముందు అనుకున్న లక్షణాల్లో అనేకం ఆకలి ఫలితాలేనని దీన్నిబట్టి తేలింది. 1950లో రెండు సంపుటాలుగా అచ్చయిన ఆ నివేదిక ఈ రంగంలోకి వచ్చేవారికి నేటికీ తప్పనిసరి పాఠం.

హిల్డే బ్రూక్ జీవితం ఈ శిక్షణకు తొలి నమూనా అనదగ్గది. జర్మనీలో పిల్లల వైద్యం చదివి, నాజీల పాలన మొదలవగానే దేశం విడిచి, 1934లో న్యూయార్క్ చేరారు. అక్కడ లావుగా ఉన్న పిల్లలను పరిశీలించి, వారి స్థూలకాయానికి గ్రంథుల లోపమే కారణమన్న అప్పటి నమ్మకం చాలా సందర్భాల్లో నిలవదని చూపారు. జవాబు ఇంట్లో, మనసులో వెతకాలని తోచి, స్థిరపడిన వైద్యురాలై ఉండీ మళ్లీ విద్యార్థిగా మారి మనోరోగ శాస్త్రం నేర్చుకున్నారు. 1973లో వెలువడిన ఆమె గ్రంథం స్థూలకాయాన్ని, అనొరెక్సియాను ఒకే అట్టల మధ్యకు తెచ్చింది. రెండు విద్యలు నేర్చిన మనిషికే అది సాధ్యమైందని చెప్పాలి.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎక్కువకాలం పనిచేసిన ఆల్బర్ట్ స్టంకార్డ్‌దీ అలాంటి దారే. రాత్రిపూట తినే అలవాటును 1955లో, బింజ్ ఈటింగ్‌ను 1959లో ఆయన స్థూలకాయుల్లోనే గుర్తించి వర్ణించారు. 1986లో డెన్మార్క్ దత్తత రికార్డులు పరిశీలించి, దత్తత వెళ్లిన పిల్లల బరువు పెంచినవారిని కాక కన్నవారిని పోలి ఉంటుందని చూపారు. ఆయన దగ్గర తయారైనవారు తరువాత సొంత ప్రయోగశాలలు నడిపారు.

లండన్‌లో జెరాల్డ్ రస్సెల్ 1979లో 30 మంది రోగుల ఆధారంగా బులీమియా నెర్వోసాకు పేరు పెట్టారు. మాడ్స్‌లీ ఆసుపత్రిలో ఆయన బృందం తల్లిదండ్రుల చేతికే భోజనం బాధ్యత అప్పగించే చికిత్సను పరీక్షించి, 1987లో ఫలితాలు ప్రకటించింది. అక్కడే శిక్షణ పొందిన డేనియల్ లె గ్రాంజ్ దాన్ని అమెరికాకు తీసుకెళ్లారు. ఆయన, జేమ్స్ లాక్ తదితరులు రాసిన చికిత్సా కరదీపిక 2001లో వచ్చింది. బిడ్డ జబ్బుకు తల్లే కారణమని నిందించే కాలంలో, తల్లిదండ్రులనే చికిత్సకు ఆధారంగా తీసుకున్న ఈ పద్ధతికి చరిత్రలో పెద్ద చోటు ఇవ్వాలి.

అమెరికాలో ఇలాంటి శిష్యరికానికి చట్టబద్ధమైన అండ 1974లో దొరికింది. ఆ ఏడాది చేసిన జాతీయ పరిశోధన సేవా పురస్కారాల చట్టం కింద, ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ విశ్వవిద్యాలయాలకు టీ32 గ్రాంట్లు ఇస్తుంది. ఆ సొమ్ముతో విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ విద్యార్థులను, పీహెచ్‌డీ లేదా ఎండీ పూర్తయినవారిని ఎంపికచేసి, భృతి ఇచ్చి శిక్షణ ఇస్తుంది. పీహెచ్‌డీ తరువాతి దశలో మొదటి ఏడాది తీసుకున్న భృతికి బదులుగా అంతకాలం పరిశోధనో బోధనో చేయాలి. రెండో ఏడాదీ శిక్షణలో కొనసాగితే ఆ బాకీ తీరిపోతుంది. అయితే టీ32 స్థానాలు అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. విద్యార్థి వీసాపై ఉన్న తెలుగువారు తమ గైడ్ ప్రాజెక్టు నిధులపైనో ఇతర ఫెలోషిప్‌లపైనో ఆధారపడాలి. పోస్ట్‌డాక్ దశ నుంచి స్వతంత్ర పరిశోధనకు మారేవారికి ఉద్దేశించిన కె99 గ్రాంటుకు విదేశీయులూ అర్హులే. నివారణపై ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చే స్ట్రైప్డ్ అనే కార్యక్రమాన్ని బ్రిన్ ఆస్టిన్ 2009లో హార్వర్డ్‌లో స్థాపించారు.

జన్యుశాస్త్రం రావడంతో శిక్షణ స్వరూపం మారింది. 1994లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం, విపరీతంగా లావెక్కే ఎలుకల్లో చెడిపోయిన లెప్టిన్ జన్యువును కనుగొంది. కేంబ్రిడ్జిలో స్టీఫెన్ ఓరాహిలీ దగ్గర పరిశోధన చేస్తున్న యువ వైద్యురాలు సదఫ్ ఫరూఖీ, సహచరులు 1997లో ఇదే లోపాన్ని పాకిస్తానీ మూలాలున్న ఒక కుటుంబంలోని ఇద్దరు పిల్లల్లో చూపారు. వారిలో తొమ్మిదేళ్ల బాలిక బరువు 94 కిలోలు. లెప్టిన్ సూదిమందుతో ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. ఆ పిల్లల ఆకలికి తిండియావ అనో క్రమశిక్షణ లేకపోవడమనో పేరు పెట్టడం ఎంత అన్యాయమో ఈ ఒక్క కేసు తేల్చేసింది. 2019లో దాదాపు 17 వేల మంది అనొరెక్సియా రోగుల జన్యువులను పరిశీలించిన అంతర్జాతీయ అధ్యయనం ఎనిమిది జన్యు స్థానాలను గుర్తించింది. ఈ జబ్బుకు మనసుతో పాటు జీవక్రియతోనూ సంబంధం ఉందని సూచించింది.

భారతదేశంలో రెండు పాయలూ ఇంకా విడిగానే ఉన్నాయి. 1990లలో చెన్నై మనోరోగ వైద్యులు విద్యార్థుల్లో తిండి విషయమై కలిగే వేదనపై పరిశోధనలు చేశారు. స్థూలకాయం వైపు బలం ఎక్కువ. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు మారిన జాతీయ పోషకాహార సంస్థలో, తనంతట తానుగా స్థూలకాయం వచ్చిన ఎలుకల జాతిని 1996లో ప్రపంచానికి పరిచయం చేశారు. హైదరాబాదు పరిసర గ్రామాల్లో 1987–90 మధ్య గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చిన ప్రయోగాన్ని తరువాత పరిశోధకులు కొనసాగించి, ఆ పిల్లలు పెరిగాక వారికి గుండెజబ్బు, మధుమేహం ముప్పు ఎంతుందో కొలుస్తూ వచ్చారు. హైదరాబాదు కేంద్రంగా 2008 నుంచి నడుస్తున్న ఇండియా అలయన్స్ వైద్యులకూ శాస్త్రవేత్తలకూ విడివిడిగా పరిశోధన ఫెలోషిప్‌లు ఇచ్చింది. ఒక మనోరోగ వైద్యుడు, ఒక పోషకాహార శాస్త్రవేత్త కలిసి ఒకే విద్యార్థికి గైడ్లుగా ఉండే ఏర్పాటుకు హైదరాబాదులో కావలసిన సంస్థలు ఉన్నాయి.