ఆక్యులస్: ప్రేక్షకుల స్పందన

‘ఆక్యులస్’ మైక్ ఫ్లానగన్ దర్శకత్వం వహించిన అమెరికన్ హారర్ చిత్రం. 2013లో టొరంటో చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శించారు. 2014 ఏప్రిల్‌లో అమెరికా థియేటర్లలో విడుదలైంది. తల్లిదండ్రుల చావుకు పాతకాలపు అద్దమే కారణమని నమ్మిన అక్క కేలీ, తమ్ముడు టిమ్‌ను వెంటబెట్టుకుని దాన్ని రుజువు చేయబోవడం కథ.

చూసినవాళ్లు ఎక్కువగా తలుచుకునేది ఆపిల్ సన్నివేశం. కేలీ ఆపిల్ కొరుకుతుంది. చూస్తే చేతిలో బల్బు, నోటినిండా నెత్తురు. గాజుపెంకు బయటికి లాగిన మరుక్షణం చేతిలో మళ్లీ ఆపిలే! కళ్లనే నమ్మలేని స్థితి కత్తిపోట్లకంటే భయపెడుతుందని చిత్రాన్ని మెచ్చినవారి మాట. అది నిజం.

వరుస హత్యలు ఆశించి వచ్చినవారికి నడక నెమ్మదనిపించింది. బాల్యం, వర్తమానం కలగలిసిపోవడం కొందరిని తికమకపెట్టింది. నిజానికి చిత్రానికి ప్రాణం ఆ అల్లికే. అద్దాన్ని పగలగొట్టడానికి అమర్చిన లంగరు కేలీ మీదే పడే ముగింపుపై మాత్రం వాదన తెగలేదు.

ఈ చిత్రాన్ని 2017లో హిందీలో ‘దోబారా’గా పునర్నిర్మించారు. నిజజీవితంలోనూ అక్కాతమ్ముళ్లయిన హుమా ఖురేషి, సాకిబ్ సలీమ్ అందులో తోబుట్టువులుగా నటించారు.