లారీ పట్టా

లారీ పట్టా అనగా సరకు రవాణా చేయు లారీ, టిప్పరు, ట్రాక్టరు ట్రక్కుల తొట్టిపై కప్పే నీరు చొరని మందపాటి గుడ్డ లేక కప్పు. సరకును వాన, ఎండల నుండి కాపాడుటకు, దారిలో రాలిపోకుండా, దుమ్ము లేవకుండా ఆపుటకు దీనిని ఉపయోగిస్తారు. ఇది రెండు విధాలు. తాళ్ళతో చేతితో బిగించి కట్టేది మొదటిది. విద్యుత్ మోటారుతో తెరచుకొని మూసుకొనేది రెండవది. తెలంగాణ రాష్ట్రంలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో ధాన్యం, బియ్యం, సిమెంటు, ఇసుక, కంకర రవాణాకు ఇది ఎంతో అవసరమైన వస్తువు.

పేర్లు

టార్పాలిన్ అనే ఆంగ్ల పదం తారు నుండి వచ్చినది. పూర్వం ఓడలలో సరకును కప్పుటకు తారు పూసిన కాన్వాసు గుడ్డను వాడేవారు. తెలుగు ప్రాంతాలలో దీనిని పట్టా, తాటిపత్రి, బరకం, పరదా అని పిలుస్తారు. భూమి హక్కు పత్రమైన పట్టా వేరు, ఇది వేరు.

ప్రాంతీయ నేపథ్యం

నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు విడుదలైన తరువాత ఎడమ కాలువ (లాల్ బహదూర్ కాలువ) కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలలో వరి సాగు విస్తరించినది. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు ప్రసిద్ధి చెందినది. సూర్యాపేట, కోదాడ పట్టణాలు 65వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 9వ నంబరు) మీద ఉన్నవి. మిర్యాలగూడకు రైలు మార్గం ఉన్నది కాని సూర్యాపేట, కోదాడలకు ప్రయాణికుల రైలు స్టేషను లేదు. అందువలన ఇక్కడి సరకు రవాణా ప్రధానంగా లారీలపై ఆధారపడి ఉన్నది. మేళ్ళచెర్వు, మఠంపల్లి, దామరచర్ల మండలాలలోని సిమెంటు కర్మాగారాల సరకు కూడా ఈ దారులపై సాగుతుంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు సూర్యాపేట, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాలో చేరగా, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉన్నది.

వానాకాలం పంట కోతలు అక్టోబరు, నవంబరు నెలలలోను, యాసంగి కోతలు మార్చి నుండి మే వరకును సాగుతాయి. ఈ రెండు కాలాలలోను అకాల వర్షాలు, గాలివానలు సాధారణం. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాలలో ధాన్యపు తేమ 17 శాతం మించరాదు. తడిసిన ధాన్యం రంగు మారుతుంది, మొలకెత్తుతుంది, మరపట్టినపుడు నూక ఎక్కువవుతుంది. ఆ నష్టం ధర తగ్గింపు, తరుగు రూపంలో చివరకు రైతుపైనే పడుతుంది. కావున ఒక చిరిగిన పట్టా గాని, మూసుకొనని కప్పు గాని చిన్న విషయం కాదు.

రకాలు

* కాన్వాసు పట్టా: మైనం వంటి పదార్థం పట్టించిన నూలు గుడ్డ. బలమైనది, బరువైనది. తడిగా మడిచిపెట్టిన యెడల బూజు పడుతుంది. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2089 దీనికి సంబంధించినది.
* ప్లాస్టిక్ నేత పట్టా: అధిక సాంద్రత గల పాలిథీన్ దారాలతో నేసి, రెండు వైపుల పూత వేసినది. తేలిక, చౌక. ఎండకు త్వరగా పెళుసుబారుతుంది. దీని ప్రమాణం ఐ.ఎస్. 7903.
* పీవీసీ పూత పట్టా: పాలిస్టరు నేతపై పీవీసీ పూత గలది. బరువు, వెల ఎక్కువ అయినను మన్నిక గలది. మోటారు కప్పులకు ఎక్కువగా దీనినే వాడతారు.

చేతితో కట్టు విధానం

సరకు మధ్యలో కొంచెం ఎత్తుగా ఉండునట్లు సర్దితే పట్టాపై నీరు నిలువదు. రెండు పట్టాలు వేసినపుడు ముందు పట్టా అంచు వెనుక పట్టాపైకి రావలెను. అట్లు కానిచో ఎదురుగాలి, వాన అతుకులోనుండి లోపలికి దూరుతాయి. అంచుల రింగులలోనుండి తీసిన తాళ్ళను తొట్టి కొక్కేలకు ఒకదానికొకటి అడ్డంగా బిగిస్తారు.

విద్యుత్ కప్పు పనిచేయు విధానం

టిప్పర్లకు అమర్చే విద్యుత్ కప్పులో మోటారు, పళ్ళచక్రాల పెట్టె, పట్టా చుట్టుకొనే గొట్టం లేక పట్టాను లాగే ఇనుప తీగలు, పట్టాను మోసే కమాన్లు, స్విచ్చి, రిలేలు, ఫ్యూజు ముఖ్య భాగాలు. భారీ లారీలలో సాధారణంగా 24 వోల్టులు, చిన్న వాహనాలలో 12 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. మోటారుకు విద్యుత్తు చేరే దిశను మార్చినపుడు అది వ్యతిరేక దిశలో తిరుగుతుంది. కప్పు తెరచుటకు, మూయుటకు ఒకే మోటారు సరిపోవుటకు కారణమిదే.

అమెరికాలో పికప్ ట్రక్కుల తొట్టిపై, గట్టి పలకలు వరుసగా జారి ఒక పెట్టెలో చుట్టుకొనే కప్పులు వాడుకలో ఉన్నవి. రివియన్ సంస్థ 2021లో విడుదల చేసిన ఆర్1టీ విద్యుత్ ట్రక్కులో ఇట్టి మోటారు కప్పు ఉండేది. అందులో లోపాలు తలెత్తగా 2022లో దానిని అమర్చుట ఆపి, తరువాత మార్చిన రూపంతో తెచ్చినది.

సాధారణ లోపాలు - పరిష్కారాలు

లోపం వెదకునపుడు బ్యాటరీ నుండి మొదలుపెట్టి ఫ్యూజు, స్విచ్చి, రిలే, మోటారు, చివరకు యంత్ర భాగాలు అనే వరుసలో పరీక్షించవలెను. మోటారును ముందే విప్పుట వృథా శ్రమ.

* ఏ శబ్దమూ లేకపోవుట: బ్యాటరీ వోల్టేజి చూడవలెను. పూర్తిగా ఛార్జి అయి, వాడకంలో లేని 24 వోల్టుల జత సుమారు 25.2 వోల్టులు చూపుతుంది. తరువాత ఫ్యూజును, ఎర్తు తీగను పరీక్షించవలెను. కొత్త ఫ్యూజు కూడా కాలిపోయిన యెడల తీగలు ఎక్కడో రాచుకొన్నవనియో, మోటారు బిగుసుకొన్నదనియో గ్రహించవలెను.
* టిక్కుమను శబ్దం వచ్చి కదలకపోవుట: రిలే స్పందిస్తున్నది గాని మోటారుకు తగిన విద్యుత్తు చేరుట లేదు. తుప్పు పట్టిన లేక వదులైన కనెక్షన్లు, బలహీనమైన బ్యాటరీ, బిగుసుకొన్న మోటారు దీనికి కారణాలు.
* ఒక దిశలోనే కదులుట: రెండు దిశలకు మోటారు ఒకటే కనుక అది బాగున్నట్లే. ఆ దిశకు చెందిన రిలే, స్విచ్చి, హద్దు వద్ద ఆపే లిమిట్ స్విచ్చి చూడవలెను.
* నెమ్మదిగా కదులుట: మోటారు తిరుగుచుండగానే దాని వద్ద వోల్టేజి కొలవవలెను. ఉదాహరణకు 40 ఆంపియర్లు ప్రవహించే తీగలో 0.1 ఓము నిరోధం ఉన్నచో ఓమ్ నియమం ప్రకారం 40 × 0.1 = 4 వోల్టులు తీగలోనే నష్టమగును. అప్పుడు 160 వాట్ల శక్తి వేడిగా మారుతుంది. సన్నని తీగ, తుప్పు దీనికి మూలం.
* మధ్యలో ఆగిపోవుట: జారు గాడిలో కంకర, ధాన్యపు గింజలు చేరుట, కమాను వంగుట, సరకు తొట్టి అంచు కంటె ఎత్తుగా ఉండుట కారణాలు. ఆటంకం తొలగించకుండా స్విచ్చిని మళ్ళీ మళ్ళీ నొక్కిన యెడల మోటారు కాలిపోవచ్చును.
* వంకరగా చుట్టుకొనుట: ఒక వైపు తీగ సాగినది లేక కప్పీ నుండి జారినది. రెండు వైపుల బిగువు సమానం చేయవలెను.
* మోటారు తిరిగినను పట్టా కదలకపోవుట: గొట్టాన్ని మోటారుతో కలిపే పిన్ను విరిగియుండవచ్చును లేక చక్రాల పళ్ళు అరిగియుండవచ్చును.

పలు కప్పులకు చేతితో తిప్పు పిడి గాని, మోటారును విడదీసే మీట గాని ఉంటుంది. దారిలో వాన ముంచుకొచ్చినపుడు ముందు దానితో కప్పు మూసి, మరమ్మత్తు తరువాత చేసుకొనుట మేలు.

జాగ్రత్తలు

పట్టా కట్టుటకు సరకుపైకి ఎక్కిన డ్రైవర్లు, క్లీనర్లు జారిపడుట, పైనున్న విద్యుత్ తీగలు తగులుట ప్రాణాంతకం. బండిని తీగల కింద నిలుపరాదు. మరమ్మత్తుకు ముందు ఇంజను ఆపి, బ్యాటరీ కనెక్షను తీయవలెను. ఎత్తిన టిప్పరు తొట్టి కింద ఆధారం లేకుండా పని చేయరాదు. కప్పు తెరచిన తరువాతనే తొట్టిని ఎత్తవలెను. కాలిన ఫ్యూజుకు బదులు లావు తీగ చుట్టిన యెడల మంటలు లేచే ప్రమాదం ఉన్నది. జారు గాడికి గ్రీజు పూస్తే దుమ్ము అంటుకొంటుంది కనుక పొడి కందెన వాడవలెను.

చట్టపరమైన నియమాలు

కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2018 జనవరిలో సవరించిన నియమాల ప్రకారం, గాలిలో ధూళి కణాలు పరిమితి మించిన నగరాలు, పట్టణాలలో నిర్మాణ సామగ్రిని, వ్యర్థాలను కప్పులేని వాహనాలలో తరలించుట నిషిద్ధం. టిప్పరు నుండి ఎగిరే ఇసుక, జారిపడే కంకర వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారులకు ప్రమాదకరం. కావున నియమం వర్తించని దారులలో సైతం పట్టా వేయుట వాహన యజమాని బాధ్యత.

ఇవి కూడా చూడండి

* టిప్పరు
* మిర్యాలగూడ
* నాగార్జునసాగర్ ఎడమ కాలువ
* ఓమ్ నియమం