ఈమెయిల్ నుంచి పనుల జాబితాకు: మాక్రోలు చేసేదేమిటి, చేయలేనిదేమిటి

ఈమెయిళ్లలో కొన్ని చదివి వదిలేసేవి, మరికొన్ని పని అడిగేవి. ఇన్‌బాక్స్‌కు ఈ తేడా తెలియదు. వచ్చిన సమయాన్ని బట్టి రెండింటినీ ఒకే వరుసలో పేరుస్తుంది. ఆదాయపు పన్ను నోటీసుకు ఇవ్వవలసిన సమాధానం, నెలాఖరులోగా చెల్లించవలసిన పాఠశాల ఫీజు, పై అధికారి కోరిన నివేదిక కొత్త సందేశాలు చేరేకొద్దీ కిందికి జారిపోతాయి. గడువు దాటిన తరువాత వెతికితే సందేశం దొరుకుతుంది, కాలం మాత్రం తిరిగిరాదు.

ఈ ఇబ్బందిని తగ్గించేందుకు, పని అడిగే సందేశాన్ని ఒక్క మీటతో పనుల జాబితా యాప్‌కు చేరవేసే ఏర్పాట్లు వాడుకలోకి వచ్చాయి. వాటిలో పాతది, నేటికీ అనేక కార్యాలయాల్లో వాడుతున్నది ఈమెయిల్ మాక్రో.

మాక్రో అంటే ఏమిటి?

వరుసగా చేయవలసిన కొన్ని చర్యలను ఒకే ఆదేశం కింద కూర్చిన చిన్న ప్రోగ్రామే మాక్రో. సందేశాన్ని ఎంచుకోవడం, ఫార్వర్డ్ నొక్కడం, చిరునామా రాయడం, సబ్జెక్ట్ సవరించడం, పంపడం, అసలు సందేశాన్ని వేరే ఫోల్డర్‌లోకి మార్చడం అనే ఆరు చర్యలు దానివల్ల ఒకటవుతాయి.

యాప్‌కు సొంత చిరునామా

ఈ పద్ధతికి ఆధారం యాప్ ఇచ్చే ప్రత్యేక ఈమెయిల్ చిరునామా. టుడూయిస్ట్, రిమెంబర్ ద మిల్క్, ట్రెల్లో వంటి సేవలు వినియోగదారుడి ఖాతాకో, ఒక్కొక్క ప్రాజెక్టుకో, బోర్డుకో ఇటువంటి చిరునామా కేటాయిస్తాయి. అక్కడికి చేరిన సందేశంలోని సబ్జెక్ట్ పని పేరుగా మారుతుంది. కింది పాఠం దానికి వివరణగా చేరుతుంది. కొన్ని యాప్‌లలో సబ్జెక్ట్‌లోనే నిర్ణీత గుర్తులు చేర్చి లేబుల్, ప్రాధాన్యం, గడువు తెలపవచ్చు. ట్రెల్లోలో # గుర్తు లేబుల్‌ను, @ గుర్తు ఆ పని అప్పగించిన సభ్యుణ్ని సూచిస్తాయి. గుర్తుల అర్థం ఒక యాప్ నుంచి మరో యాప్‌కు మారుతుంది కనుక యాప్ మారినప్పుడు మాక్రోనూ సవరించుకోవాలి.

ఔట్‌లుక్‌లో

విండోస్ కంప్యూటర్లలోని క్లాసిక్ ఔట్‌లుక్‌లో ఆల్ట్, ఎఫ్11 మీటలను కలిపి నొక్కితే విజువల్ బేసిక్ ఎడిటర్ తెరుచుకుంటుంది. అక్కడ రాసిన మాక్రో ఎంపిక చేసిన సందేశానికి ఫార్వర్డ్ ప్రతిని తయారు చేస్తుంది, యాప్ చిరునామా నింపుతుంది, సబ్జెక్ట్ మొదట్లో పేరుకుపోయిన ఫార్వర్డ్, రిప్లై సంకేతాలను తొలగించి పంపుతుంది. ఆ మాక్రోను పై పట్టీలో ఒక బటన్‌గా పెట్టుకోవచ్చు.

ప్రోగ్రామింగ్ తెలియనివారికి 2010 ఔట్‌లుక్ నుంచి క్విక్ స్టెప్స్ సదుపాయం ఉంది. ఫార్వర్డ్ చేయడం, ఫోల్డర్ మార్చడం వంటి చర్యలను జాబితా నుంచి ఎంచుకొని కలిపితే చాలు. అయితే విండోస్ కోసం తరువాత రూపొందించిన కొత్త ఔట్‌లుక్‌లో విజువల్ బేసిక్ మాక్రోలు పనిచేయవు. ఏళ్లుగా మాక్రోపై ఆధారపడినవారు కొత్త రూపానికి మారేముందు ఈ సంగతి గమనించాలి.

జీమెయిల్‌లో

జీమెయిల్‌లో సందేశం తెరిచి షిఫ్ట్, టీ మీటలు కలిపి నొక్కితే అది గూగుల్ టాస్క్స్‌లో చేరుతుంది. ఇందుకు సెట్టింగ్‌లలో కీబోర్డ్ షార్ట్‌కట్‌లను ముందుగా ఆన్ చేసుకోవాలి. మరింత స్వయంచాలకంగా జరగాలంటే గూగుల్ యాప్స్ స్క్రిప్ట్ ఉపయోగపడుతుంది. నిర్ణీత లేబుల్ తగిలించిన సందేశాలను ఆ స్క్రిప్ట్ కొంత వ్యవధికొకసారి వెతికి, ప్రతిదానికీ ఒక పనిని సృష్టించి, మూల సందేశం లింకును జతచేసి, లేబుల్‌ను తొలగిస్తుంది.

ఫిల్టర్ ద్వారా ఇతర యాప్‌లకు ఫార్వర్డ్ చేయదలచినవారు ఒక మెలిక తెలుసుకోవాలి. కొత్త ఫార్వర్డింగ్ చిరునామాను జీమెయిల్ ముందుగా నిర్ధారించుకుంటుంది. ఆ నిర్ధారణ సందేశం యాప్ చిరునామాకే వెళుతుంది కనుక, అందులోని కోడ్ కోసం ఇన్‌బాక్స్‌లో కాక పనుల జాబితాలో వెతకాలి.

సబ్జెక్ట్ పని కాదు

చేరవేత ఎంత సాఫీగా సాగినా, ఈ పద్ధతి ఎక్కువగా విఫలమయ్యేది భాష దగ్గర. ఈమెయిల్ సబ్జెక్ట్ సాధారణంగా నామవాచకం. పని మాత్రం క్రియ. 'వార్షిక నివేదిక - మూడో ముసాయిదా' అన్న శీర్షిక జాబితాలో చేరితే, నాలుగు రోజుల తరువాత చూసిన మనిషికి తాను ఏం చేయాలో తెలియదు. మళ్లీ మొత్తం సందేశం చదవాలి. 'మూడో ముసాయిదాలోని పట్టికలు సరిచూసి గురువారంలోగా గణాంక విభాగానికి పంపాలి' అని ఉంటే వెంటనే పని మొదలవుతుంది. 2001లో వెలువడిన 'గెటింగ్ థింగ్స్ డన్' పుస్తకంలో అమెరికా రచయిత డేవిడ్ అలెన్ నొక్కిచెప్పింది ఇదే: జాబితాలో ఉండవలసింది విషయం కాదు, తదుపరి చర్య. రెండు నిమిషాల్లో ముగిసే పనిని జాబితాకు ఎక్కించకుండా అప్పుడే చేసేయాలన్నదీ ఆయన సూచనే.

కనుక మంచి మాక్రో ఒకచోట ఆగుతుంది. పంపేముందు చిన్న పెట్టె చూపించి, చేయవలసిన పని ఏమిటని అడుగుతుంది. విజువల్ బేసిక్‌లో ఇందుకు ఇన్‌పుట్ బాక్స్ అనే ఆదేశం ఉంది. పది సెకన్ల ఆ ఆలస్యం తరువాతి అయోమయాన్ని తప్పిస్తుంది. తేదీల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 'రేపు' వంటి మాటను యాప్ గ్రహిస్తుందో లేదో దాని భాషా సదుపాయంపై ఆధారపడి ఉంటుంది. యాప్ అంగీకరించే పద్ధతిలో అంకెలతో తేదీ రాయడం మేలు.

భద్రత మాటేమిటి?

మాక్రోల చరిత్రలో చేదు అధ్యాయాలున్నాయి. 1999 మార్చిలో వ్యాపించిన మెలిస్సా వైరస్, వర్డ్ పత్రంలోని మాక్రో ద్వారా ఔట్‌లుక్ చిరునామా పుస్తకంలోని మొదటి 50 చిరునామాలకు తనను తానే పంపుకొంది. మరుసటి ఏడాది మే నెలలో ఐ లవ్ యూ పేరిట వచ్చిన స్క్రిప్ట్ కూడా ఔట్‌లుక్ ద్వారానే ప్రపంచమంతటా పాకింది. వినియోగదారుడికి మేలు చేసే సౌకర్యమే దుండగుడికీ ఉపయోగపడింది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్లలోని మాక్రోలను ముందుగానే నిరోధించే విధానాన్ని మైక్రోసాఫ్ట్ 2022లో అమలులోకి తెచ్చింది. అందువల్ల అర్థం కాని మాక్రోను ఎక్కడినుంచో తెచ్చి అతికించడం, దానికోసం భద్రతా స్థాయిని పూర్తిగా తగ్గించడం తగదు.

యాప్ ఇచ్చే చిరునామాను పాస్‌వర్డ్‌లా దాచుకోవాలి. దానికి వచ్చే సందేశాలన్నిటినీ స్వీకరించే యాప్‌లలో, ఆ చిరునామా తెలిసినవారెవరైనా జాబితాలోకి పనులు పంపగలరు. అది బయటపడిందన్న అనుమానం వస్తే, యాప్‌లో ఆ వీలున్నచోట పాతదాన్ని రద్దు చేసి కొత్త చిరునామా తీసుకోవాలి.

కార్యాలయ సందేశాల విషయంలో బాధ్యత మరింత పెద్దది. ఫార్వర్డ్ చేసిన క్షణంలో సందేశం, దాని అనుబంధాలు, కింద ఉన్న పాత ఉత్తరప్రత్యుత్తరాలు సంస్థ సర్వర్ దాటి మూడో పక్షం చేతికి వెళతాయి. అధికారిక సందేశాలను ప్రభుత్వ ఈమెయిల్ సేవ వెలుపలి వ్యక్తిగత ఖాతాలకు పంపరాదని భారత ప్రభుత్వ ఈమెయిల్ విధానం 2015లోనే పేర్కొంది. మైక్రోసాఫ్ట్ 365 వాడే సంస్థల్లో బయటి చిరునామాలకు స్వయంచాలక ఫార్వర్డింగ్‌ను నిరోధించడం సాధారణ అమరిక. అటువంటిచోట పూర్తి సందేశం పంపకుండా, పని వాక్యాన్ని మాత్రమే రాసుకోవడం లేదా సంస్థ అనుమతించిన జాబితానే వాడటం సరైన మార్గం.

గుర్తుంచుకోవలసిన పరిమితులు

ఫార్వర్డింగ్ ఒకవైపు దారి మాత్రమే. జాబితాలో పని పూర్తయినట్లు టిక్కు పెడితే ఎదుటివారికి సమాధానం వెళ్లదు. ఒకే సంభాషణలో మూడు సందేశాలు పంపితే జాబితాలో ఒకే పని మూడుసార్లు చేరుతుంది. చిరునామా మారినా, మాక్రో ఆగిపోయినా అన్నిసార్లూ హెచ్చరిక రాదు. పని చేరిందనుకొని అసలు సందేశాన్ని చెరిపేసినవారు రెండువిధాలా నష్టపోతారు. అందుకే మాక్రో అసలు సందేశాన్ని తొలగించకుండా వేరే ఫోల్డర్‌లో భద్రపరిచేలా రాసుకోవాలి. వారానికొకసారి ఆ ఫోల్డర్‌ను జాబితాతో సరిచూసుకోవాలి.

మాక్రో సందేశాన్ని మోయగలదు. ఆ పని ఎవరిది, ఎప్పటికి, అసలు చేయవలసినదేనా అన్న నిర్ణయం మాత్రం మీట నొక్కే మనిషిదే.