కడచీల నుండి తీగలేని పానా దాకా

టైరు పంక్చరయినప్పుడు మనం వెదికే స్టెప్నీకి ఆ పేరు ఒక వీధి నుండి వచ్చింది. వేల్స్‌లోని లానెల్లీ పట్టణంలో స్టెప్నీ వీధి ఉన్నది. 1904లో అక్కడి డేవిస్ సోదరులు టైరు తొడిగిన ఒక అదనపు చట్రాన్ని అమ్మకానికి పెట్టారు. ఆనాటి కారు చక్రాన్ని నడిదారిలో ఊడదీయడం తేలిక కాదు గనుక, చక్రాన్ని అలాగే ఉంచి దాని పక్కన ఈ చట్రాన్ని బిగించుకొని ఇల్లు చేరేవారు. బ్రిటనులో ఆ మాట దాదాపు మరుగునపడింది. మన గుంటూరులో మాత్రం లారీ క్లీనరు మొదలు కాలేజీ లెక్చరరు దాకా అందరి నోటా నానుతూనే ఉన్నది.

ఎద్దుబండికి ఈ చిక్కు లేదు. ఇరుసు చివరి కడచీల లాగితే చక్రం చేతికి వచ్చేది. కందెన పెట్టి మళ్లీ తొడిగేవారు. బలం కావలసింది బండిని ఎత్తడానికే గాని చీలను తీయడానికి కాదు. పత్తి బోరేలు, మిరప టిక్కీలు ఎద్దుబండి దిగి ట్రాక్టరు, లారీ ఎక్కిన తరువాత చీల స్థానంలోకి నట్టు వచ్చింది, దాని వెంటే తుప్పూ వచ్చింది.

చాలాకాలం పానాకు పొడవే బలం. నల్లపాడు జంక్షను దగ్గర పగిడిపల్లి దారి, నంద్యాల దారి విడిపోతాయి. ఆ పట్టాల ఫిష్‌ప్లేటు బోల్టులు బిగించే గ్యాంగ్‌మన్ల నిలువెత్తు పానాలను కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికులు చూసే ఉంటారు. లారీవాళ్లు పానాకు పైపు తొడిగేవారు. అదీ చాలకపోతే దానిమీదికెక్కి నిలబడేవారు. ఏ పద్ధతిలోనైనా నట్టును తిప్పే బలమంతా మనిషి నడుము మీదుగానే పోవాలి.

ఈ ముడిని సుత్తితో విప్పినవాడు అమెరికాలోని ఎవాన్స్‌విల్ వాసి రాబర్ట్ పాట్. నట్టును ఏకబిగిన తిప్పడానికి బదులు, తిరిగే దిశలో దానిని కొడుతూ పోవడమే అతని ఆలోచన. నేటి పనిముట్లలో లోపల తిరిగే బరువు ఒకటి స్ప్రింగును నొక్కుకుంటూ వెనక్కి జరిగి, ఒక్కుదుటున ముందుకు దూకి, నట్టుకు ఆనిన కడ్డీని కొడుతుంది. నిమిషానికి వేల దెబ్బలు. దెబ్బ నట్టుకు, అదురు మాత్రమే చేతికి. 1934లో ఇంగర్సోల్ రాండ్ సంస్థ గాలితో నడిచే ఇటువంటి పానాను విపణిలో పెట్టింది. మన టైరు షాపుల్లో ‘గన్ను’ అనేది దీని సంతానమే. అయితే దానికి కంప్రెసరు కావాలి, గొట్టం కావాలి. కాబట్టి అది ఇంటి గడప తొక్కలేదు.

తీగ తెంచిన ఘనతను కొందరు నాసాకు కట్టబెడతారు. అది సరికాదు. బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ 1961లోనే నికెల్-కాడ్మియం బ్యాటరీతో నడిచే డ్రిల్లును తెచ్చింది. నాసా అవసరం వేరు. భారరహిత స్థితిలో నట్టు తిప్పబోతే నట్టుకు బదులు వ్యోమగామే తిరుగుతాడు! అందుకని ఆ సంస్థే జెమిని యాత్రల కోసం, తిప్పేవానిని తిప్పని పానాను తయారుచేసింది. నికెల్-కాడ్మియం బరువెక్కువ, సత్తువ తక్కువ. 1991లో సోనీ లిథియం-అయాన్ బ్యాటరీని అమ్మకానికి తెచ్చింది. 2005 ప్రాంతంలో మిల్వాకీ, మకీటా వంటివారు దానిని పనిముట్లలోకి ఎక్కించారు. కంప్రెసరు అంతటితో పిడిలోకి ఇమిడిపోయింది.

ఇంతకీ ఇంటి షెడ్డుకు ఏది కొనాలి? పెట్టె మీద పెద్ద అక్షరాలలో అచ్చువేసే అంకె చాలాసార్లు విప్పే బలానిది, బిగించేది కాదు. అరవై కిలోల మనిషి అడుగు పొడవు పానా చివర నిలబడితే దాదాపు 180 న్యూటన్-మీటర్ల బలం పడుతుంది. చిన్నకార్ల చక్రాలకు తయారీదారులు చెప్పే బిగింపు ఇంచుమించు 80 నుండి 120 లోపు. తుప్పును లెక్కలోకి తీసుకున్నా 300, 400 చాలు. ట్రాక్టరు వెనుక చక్రం ముట్టుకోనివారికి వెయ్యి దాటినది దండగ అని నా అభిప్రాయం. దండగే కాదు, ముప్పు కూడా. మీట నొక్కి పట్టుకుంటే అది కొడుతూనే ఉంటుంది. స్టడ్డు సాగుతుంది, మర చెడుతుంది. రాత్రివేళ నరసరావుపేట దారిలో టైరు పేలితే, ఆ నట్టు డిక్కీలోని చేతిపానాకు లొంగదు. ఆ చేతిపానా పట్టవలసినది మీరే కానక్కరలేదు, మీ అమ్మగారో అమ్మాయో కావచ్చు. కనుక అర అంగుళం చదరపు మొన, వేగం తగ్గించే మీట ఉన్న మధ్యరకం తీసుకొని, మిగిలిన డబ్బుతో టార్కు రెంచి కొనడం మేలు. విప్పడానికి గన్ను, బిగించేటప్పుడు వేళ్లతో మర ఎక్కించి, ఎదురెదురు నట్లు కొద్దికొద్దిగా పట్టించి, చివరి బిగింపు టార్కు రెంచికి వదలాలి. సాకెట్లు గన్ను కోసమే చేసిన నల్లనివై ఉండాలి. మెరిసే క్రోము సాకెట్టు ఆ దెబ్బలకు పగలవచ్చు.

అన్నట్టు, 18 వోల్టులు, 20 వోల్టులు అని రెండు రకాలు చూపి దుకాణదారు ఊరిస్తే తడబడనక్కరలేదు. రెండింటిలోనూ అయిదేసి ఘటాల వరుసే. ఒక్కో ఘటం సగటున 3.6 వోల్టులు, నిండా చార్జి అయినప్పుడు నాలుగు పైన. ఒకరు సగటు రాస్తారు, మరొకరు గరిష్ఠం రాస్తారు. లిథియానికి వేడి గిట్టదు. మన వైపు రోహిణీకార్తె ఎండలకు రేకుల షెడ్డు ఎలా కాలుతుందో తెలిసినదే గనుక బ్యాటరీని ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకోవాలి. పానాను షెడ్డులోనే వదిలేసినా ఫరవాలేదు.