ఓరుగల్లు సీమలో క్రిస్మస్

వరంగల్ ప్రాంతానికి క్రిస్మస్ ఒకే దారిన రాలేదు. హనుమకొండకు అమెరికా బాప్టిస్టులు, డోర్నకల్‌కు ఆంగ్లికన్లు, కాజీపేటకు ఇటలీ కథోలిక గురువులు మోసుకొచ్చిన పండుగలు మూడూ వేర్వేరు. బాప్టిస్టుల చేతిలోనైతే పండుగ అని చెప్పుకోదగ్గది పెద్దగా లేదు.

అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ 1840లో నెల్లూరులో నిలదొక్కుకుని, ఒంగోలు మీదుగా విస్తరించి, 1879లో హనుమకొండలో కేంద్రం తెరిచింది. ఈ మిషన్ వెనక ఉన్న సంఘం బోస్టన్‌ది. ఆ బోస్టన్ ఉన్న మసాచుసెట్స్‌లోనే 1659లో క్రిస్మస్ జరుపుకున్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా వేసే చట్టం చేశారు; 1681 దాకా అది అమలులో ఉంది. బైబిలులో యేసు పుట్టిన తేదీ లేదన్నది ఆ చట్టం చేసిన ప్యూరిటన్ ప్రొటెస్టంట్ల వాదన. అది నిజమే. డిసెంబరు 25ను జన్మదినంగా చెప్పే తొలి ఆధారం రోములో 354లో కూర్చిన ఒక పంచాంగంలో దొరుకుతుంది, అందులోని లెక్క 336 నాటిది. మసాచుసెట్స్‌లో క్రిస్మస్‌కు సెలవు దొరికింది 1856లో, అమెరికా సమాఖ్య ప్రభుత్వం సెలవు ఇచ్చింది 1870లో. అంటే హనుమకొండలో మిషన్ మొదలయ్యేనాటికి ఆ దొరల సొంత దేశంలోనే అది కొత్త పండుగ. వాళ్ల దృష్టిలో ఆదివారమే పెద్దది.

ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ సంఘంలో చేరేవారికి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. వినడానికి చిన్నవిగా ఉన్నా, మూడో నియమం సంఘంలో చేరిన మాదిగ వాడను ఊరితో తెగతెంపులు చేయించేంత బరువైనది. గ్రామదేవత జాతరకు డప్పు కొట్టడం మాదిగల బాధ్యత. ఆ పని మీద వాళ్లకు ధాన్యంలో వాటా ఉండేది. డప్పు కొట్టబోమన్నవాళ్లకు ఊరి పెత్తందారులతో తగువు, వాటా నష్టం తప్పలేదు. వీటితోపాటు జాతర, బోనం కూడా జీవితంలోంచి వెళ్లిపోయాయి. ఏడాది పొడవునా పండుగే లేకుండా పల్లె బతకదు. ఆ ఖాళీలోకి క్రిస్మస్ వచ్చి కూర్చుంది. మిషనరీలు ఇచ్చింది ఆరాధన. దాన్ని పండుగ చేసింది మాత్రం వాడలే.

కాలం కూడా కలిసొచ్చింది. డిసెంబరు చివరికి వానకాలపు వరి కోతలు అయిపోయి గింజ ఇంటికి చేరుతుంది. సంక్రాంతికి మూడు వారాల గడువుంటుంది. ఇంటికి సున్నం, వాకిట్లో ముగ్గు, కొత్త బట్టలు, ఆడబిడ్డల రాక, ఇలా సంక్రాంతి సరంజామా అంతా మూడు వారాలు ముందుకు జరిగింది. ఓరుగల్లు సంక్రాంతికి గుర్తయిన సకినాలే దీనికి సాక్ష్యం. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, తెల్ల బట్ట పరిచి, దానిమీద పిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ చుట్లు చుట్లుగా వేస్తారు. కాస్త ఆరాక నూనెలో కాలుస్తారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు కూర్చుంటే తప్ప సాగని పని అది. క్రైస్తవుల ఇళ్లలో ఈ సందడి డిసెంబరు మూడో వారంలోనే మొదలవుతుంది. గరిజెలు, మురుకులు సరేసరి. కేకు తర్వాతి తరాలకు వచ్చింది. వేటమాంసం, బిర్యానీ ముందు దాని స్థానం ఇప్పటికీ రెండోదే.

ఇలా వాడలు తమంతట తాము చేసిన పనిని తెలిసి, ఆలోచించి చేసినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆయన తిరునల్వేలి తమిళుడు. 1905 డిసెంబరు 25న బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించినవారిలో ఒకరు. 1909లో నిజాం రైల్వే జంక్షన్ డోర్నకల్‌కు వచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. డోర్నకల్ అప్పట్లో వరంగల్ జిల్లాలోది, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోకి వెళ్లింది. విగ్రహారాధన, తాగుడు, కులభేదం విషయంలో ఆయన పట్టు విడవలేదు గానీ తెలుగు కీర్తన, నాటకం, కోత పండుగ గుడిలోకి రావడానికి అడ్డు చెప్పలేదు. వంటకు బియ్యం కడిగే ముందు పిడికెడు తీసి దేవుడికి పక్కన పెట్టే అలవాటును ఇంటి ఆడవాళ్లలో పెంచారు. డబ్బు చేతికి రాని కూలి కుటుంబానికి కానుక వేసే దారి అది.

ఆయన కట్టించిన పెద్ద గుడికి ఎపిఫనీ కేథడ్రల్ అని పేరు. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసి శిశువును వెతుక్కుంటూ వచ్చిన పండుగ ఎపిఫనీ. క్రిస్మస్ నాటినుంచి పన్నెండు రోజులు గడిచాక, జనవరి 6న వస్తుంది. 1939లో సరిగ్గా ఆ రోజే గుడిని ప్రతిష్ఠించారు. గోపురాలు, మినార్లు మసీదును, రాతి స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి. యూదేతరులకు దేవుడు ప్రత్యక్షమైన పండుగ పేరు పెట్టి, ఈ నేల మీది కట్టడాల పోలికలతో గుడి కట్టడంలో అజరయ్య వేదాంతమంతా ఉంది.

కథోలికుల దారి వేరు. వరంగల్ మేత్రాసనం 1952 డిసెంబరులో ఏర్పడింది. మిలాను మిషన్ సంస్థ పిమేకు చెందిన అల్ఫోన్సో బెరెట్టా తొలి పీఠాధిపతి. కాజీపేట పక్కన ఫాతిమానగర్‌లోని ఫాతిమా మాత కేథడ్రల్ దీనికి కేంద్రం. నాలుగు వారాల ఆగమన కాలం, అర్ధరాత్రి పూజ, పశువుల పాక వీళ్ల పండుగకు ఆయువుపట్లు. పాక ఆచారానికి మూలం ఇటలీలోనే ఉంది. 1223లో గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ గడ్డి, ఎద్దు, గాడిదలతో ఆ దృశ్యాన్ని కట్టి చూపించాడు. వరంగల్‌కు వచ్చేసరికి అది వరిగడ్డి కప్పిన మన కొట్టమైంది. అర్ధరాత్రి పూజలో బాలయేసు స్వరూపాన్ని అందులో ఉంచితే, జనం వరుసకట్టి వచ్చి ముద్దుపెట్టుకుంటారు. రెండో వాటికన్ మహాసభ దాకా ఆ పూజ లాటిన్‌లోనే నడిచేది. 1963 తర్వాత తెలుగు వచ్చింది. 1969లో రోము అనుమతితో హారతి, అగరుబత్తి, నేలమీద కూర్చోవడం కూడా పూజలోకి వచ్చాయి.

మూడు దారుల పండుగలూ వీధిలోకి వచ్చేసరికి కలిసిపోయాయి. వెదురు బద్దలను ఐదు కొనలుగా కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి ఇంటి మీద ఎత్తే నక్షత్రం ఏ శాఖ ఇల్లో చెప్పదు. ఇప్పుడు అది బజారులో ప్లాస్టిక్‌లో దొరుకుతుంది. క్యారల్స్ బృందం చలిలో ఇంటింటికీ తిరుగుతూ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుతుంది. ఆ పుస్తకంలో పాటల నెత్తిన రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి లాంటి 19వ శతాబ్దపు వాగ్గేయకారులు వేసిన బాట అది. ఒకనాడు జాతరతోపాటు వదిలేసిన డప్పు ఈ బృందాల్లో మళ్లీ మోగుతోంది.

క్రిస్మస్ తాత, చెట్టు, ఎర్ర టోపీ వచ్చింది ఎక్కువగా కాన్వెంటు బడుల నుంచి, బజారు నుంచి. వాటికి సువార్తలతో సంబంధం లేదు. డిసెంబరు మొదటి వారం నుంచే కాలేజీల్లో, ఆఫీసుల్లో, పార్టీల ఆధ్వర్యంలో సెమీ క్రిస్మస్ వేడుకలు జరుగుతాయి. కేకు కోసేది తరచూ క్రైస్తవేతరుడైన నాయకుడే. తెలంగాణ ఏర్పడ్డాక ప్రభుత్వం పేద క్రైస్తవులకు బట్టలు పంచడం, విందులు ఇవ్వడం మొదలుపెట్టింది. డిసెంబరు 26 కూడా సెలవుల జాబితాలో ఉంది. ఈ హడావుడిలో క్రీస్తు ఎక్కడ అని వేదిక మీదినుంచే అడిగే పాస్టర్లున్నారు. కొన్ని బ్రదరన్ సహవాసాలైతే 25న ప్రత్యేక ఆరాధనే పెట్టవు.

ప్రభుత్వానికి, బజారుకు పట్టని భాగం డిసెంబరు 31 రాత్రిది. చాలా సంఘాల్లో ఆ రాత్రి ఆరాధనకు హాజరు క్రిస్మస్‌కు తీసిపోదు. తెలుగు బాప్టిస్టులకు దీనితో పాత బంధం ఉంది: మిషనరీ లైమన్ జూయెట్ కొందరితో కలిసి ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేసింది 1854 జనవరి 1 తెల్లవారుజామున. ఇప్పుడు పన్నెండు కొట్టగానే లైట్లు వేసి శుభాకాంక్షలు చెప్పుకుంటారు. ఆ తర్వాత చీటీలున్న పళ్లెం వరుసల్లో తిరుగుతుంది. ఒక్కో చీటీ మీద ఒక్కో బైబిలు వచనం ఉంటుంది. చేతికి వచ్చినదే ఆ ఏటి వాగ్దానం. ఇంటికి తీసుకెళ్లి బైబిలులో దాచుకుంటారు, లేదా గోడకు అంటిస్తారు. ఇలా తీయడం జోస్యం అడగడం లాంటిదేనని అభ్యంతరపడే పెద్దలున్నా, పళ్లెం తిరగడం మాత్రం ఆగలేదు.